కియాస్క్ వెండర్‌తో సంతకం పెట్టేముందు

డెమో గదిలో ఏ కియాస్కైనా (జనం తామే డబ్బు కట్టి రసీదు తీసుకునే మిషన్) చక్కగా నడుస్తుంది. అక్కడ చల్లటి ఏసీ, ఆగని నెట్, పక్కనే కంపెనీ ఇంజనీరు ఉంటారు. అది చూసి మాట ఇచ్చేయకండి. ఒక మిషన్‌ను మీ చోటే, మీ జనం మధ్య, కనీసం రెండు వారాలు పెట్టించండి. లావాదేవీ సగంలో ఉండగా కరెంటు తీసేయండి. నెట్ కేబుల్ పీకేయండి. పేపర్ రోల్ అయిపోనివ్వండి. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే, నిలబడ్డ మనిషికి తెరమీద ఏం కనిపిస్తుందో చూడండి. కరెంటు వచ్చాక మిషన్ తనంతట తాను లేస్తుందా, ఎవరైనా వెళ్లి స్విచ్ నొక్కాలా? వందల మిషన్లు పెట్టాక నిర్వహణ ఖర్చును ఎక్కువగా పెంచేది ఇలాంటి తేడాలే.

అప్‌టైమ్, అంటే మొత్తం సమయంలో మిషన్ ఎంత శాతం నడిచిందనే అంకె దగ్గర చాలామంది మోసపోతారు. 99 శాతం అంటే ఒక్కో మిషన్ ఏడాదికి 87 గంటలకు పైగా ఆగినా వెండర్ మాట తప్పినట్టు కాదు. అదే మిషన్లన్నిటికీ కలిపి సగటు అంటే ఇంకా ప్రమాదం: 200 కియాస్కుల్లో రెండు ఏడాదంతా మూతబడి, మిగతావన్నీ నడిచినా సగటు 99 శాతమే వస్తుంది! అందుకే ఒక్కో మిషన్‌కు విడిగా, నెలనెలా, పని వేళల్లోనే లెక్క కట్టాలని రాయించండి. ప్రింటర్ చెడి తెర మాత్రం వెలుగుతుంటే దాన్ని ‘నడుస్తున్నట్టు’ లెక్కేయకూడదని కూడా.

‘విండోస్ 10 ఉంది’ అంటే ఏ ఎడిషనో అడగండి. మామూలు ఎడిషన్లకు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది; ఇలాంటి మిషన్ల కోసం ఎక్కువ కాలం సపోర్ట్ ఇచ్చే ఎడిషన్ అయిన ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2032 జనవరి దాకా ఉంది. కార్డు రీడర్ మోడల్ నంబరును పీసీఐ కౌన్సిల్ (కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) ఆమోదిత జాబితాలో మీరే వెతికి, గడువు తేదీ చూడండి. కార్డు వివరాలు రీడర్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయిపోవాలి, అంటే బయటివాళ్లు చదవలేని కోడ్‌గా మారిపోవాలి.

చక్రాల కుర్చీలో ఉన్నవారికి తెర అందుతుందో లేదో కొలిచి చూడండి, బ్రోషర్‌ని నమ్మకండి.

వెండర్ మారాల్సివస్తే అడ్మిన్ పాస్‌వర్డులు, డేటా ఎన్ని రోజుల్లో మీ చేతికొస్తాయో ఇప్పుడే రాయించాలి. గొడవ మొదలయ్యాక ఎవరూ ఇవ్వరు.

చివరగా, వాళ్ల మిషన్లు మూడేళ్లుగా వాడుతున్న కస్టమర్‌కు ఫోన్ చేయండి. ‘బాగుందా?’ అని అడగొద్దు. ‘కిందటిసారి టచ్‌స్క్రీన్ పోతే ఎన్ని రోజులకు మార్చారు?’ అని అడగండి.