రూము వంట – 3వ పాఠం: ఒక గ్లాసు పప్పు, మూడు పూటలు

పోయిన పాఠంలో అన్నం దగ్గర ఆగాం. ఎసరు లెక్క కుదిరిందా? ముద్దయిపోయిందని బాధపడకండి, మెత్తటి అన్నం పప్పుచారులోకి భలే కలుస్తుంది. అడుగంటిన వాళ్ళు ఆ గిన్నెలో నీళ్ళు పోసి పక్కన పెట్టండి, దాని సంగతి చివర్లో చూద్దాం.

ఈ రోజు పప్పు. పప్పంటే ఉడకబెట్టడమే కదా, దానికో పాఠమా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే రోజుల్లో చిక్కడపల్లి లైబ్రరీకి దగ్గర్లో, మూడో అంతస్తు పైన రేకుల గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. అన్నం మేం వండుకునేవాళ్ళం, కూర కర్రీ పాయింట్ నుంచి వచ్చేది. అశోక్‌నగర్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ రూముల్లో ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు. ముడి గట్టిగా బిగించిన కవర్లో గోరువెచ్చటి పప్పు, ఆ ముడి విప్పేసరికి సగం చేతికే అంటుకునేది. నెలాఖరున లెక్క రాసుకుంటే అద్దె తర్వాత పెద్ద ఖర్చు ఆ కవర్లదే. అలాగని కర్రీ పాయింట్ మీద నాకు కోపం లేదు. రేపు పరీక్ష అన్నప్పుడు పప్పు నానబెట్టుకుంటూ కూర్చోకండి, వెళ్ళి కొనుక్కోండి. రోజూ కొనాల్సిన వస్తువు మాత్రం కాదది.

సరే, నేను వండిన మొదటి పప్పు తొమ్మిది విజిళ్ళు తిన్నది. మూత తీస్తే గింజ గింజలాగే ఉంది. అమ్మకి ఫోన్ చేశాను.

"చింతపండు ఎప్పుడేశావురా?"

"పప్పుతోపాటే."

"ఇంకేం ఉడుకుద్ది, నీ మొహం!"

ఈ రోజు పాఠంలో మొదటి ముక్క అదే. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. గింజలోని కణాల్ని పట్టి ఉంచే జిగురు వేడికి కరిగితేనే పప్పు మెదుగుతుంది, పులుపు ఆ జిగురుని కరగనివ్వదు. కాబట్టి చింతపండు, గోంగూర, మామిడికాయ ముక్కలు, ఏదైనా సరే, పప్పు ఉడికాకే. టమాటా పులుపు తక్కువ కాబట్టి కొందరు కలిపి పెట్టేస్తారు, చాలాసార్లు ఉడుకుతుంది కూడా. కొత్తవాళ్ళు మాత్రం ఆ జోలికి వెళ్ళకండి.

బోరు నీళ్ళది కూడా ఇదే కథ. కుళాయి చుట్టూ, బకెట్ అంచున తెల్లగా పొర కడుతోందంటే ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ. అది కూడా గింజని గట్టిగానే ఉంచుతుంది. పప్పు కడగడానికి బోరు నీళ్ళు వాడండి, ఉడికించడానికి మాత్రం తాగే నీళ్ళు పోయండి. క్యాన్ నీళ్ళు వృథా అని రూమ్మేట్ గొణుగుతాడు. మూడు గ్లాసులే అని చెప్పండి. ఇవన్నీ సరిగ్గా చేసినా ఉడకలేదంటే పప్పే పాతది, ఈసారి కొట్టు మార్చండి.

ఇప్పుడు స్టవ్వు దగ్గరికి రండి.

మనిషికి ఒక టీ గ్లాసు కందిపప్పు, అంటే సుమారు 100 గ్రాములు. ఇది ఒకరికి మూడు పూటలకి. ముగ్గురుంటే మూడు గ్లాసులు. రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టండి. ఆ అరగంటలో స్నానం చేసి, బట్టలు ఆరేసి రావచ్చు. నానిన నీళ్ళు పారబోసి, గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల మంచినీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేయండి. నూనె రుచికి కాదు, నురుగు పొంగి విజిల్‌కి అడ్డం పడకుండా. అదే కారణంతో పప్పు, నీళ్ళు కలిపి కుక్కర్లో మూడో వంతు దాటకూడదు.

ఎన్ని విజిళ్ళు అని అందరూ అడుగుతారు. విజిళ్ళు లెక్కపెట్టడం నేను మానేశాను. ఇండక్షన్ స్టవ్ మీద సెగ పెంచి పెడితే నాలుగు విజిళ్ళు గబగబా వచ్చేస్తాయి, పప్పు మాత్రం ఉడకదు. గడియారం చూడండి: మొదటి విజిల్ రాగానే సెగ బాగా తగ్గించి పది నిమిషాలు, తర్వాత కట్టేసి ఆవిరి దానంతట అదే దిగేదాకా ఆగండి. ఆ దిగే పది నిమిషాల్లో కూడా పప్పు లోపల ఉడుకుతూనే ఉంటుంది, కరెంటు ఖర్చు లేకుండా. ఓనరు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి ఇంత అని వసూలు చేసే ఇళ్ళలో ఇది పనికొచ్చే లెక్క. వెయ్యి వాట్లు గంట నడిస్తే ఒక యూనిట్. ఈ పప్పుకి అందులో సగం కూడా కాదు.

కుక్కర్ కొనేముందు ఒక మాట. ఇండక్షన్ మీద మామూలు అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. కొట్టుకి వెళ్ళేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. అడుగున అతుక్కుంటే కొనండి, జారిపోతే వద్దు. అసలు కుక్కరే లేదంటారా, కందిపప్పు బదులు పెసరపప్పో, ఎర్రగా ఉండే మైసూరుపప్పో తెచ్చుకోండి. మూత పెట్టిన మామూలు గిన్నెలోనే ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో ఉడికిపోతాయి.

ఉడికిన పప్పుని గరిటె వెనకభాగంతో మెదపండి. ఉప్పు ఇప్పుడే వేయొద్దు. దీన్ని మూడు వాటాలు చేయబోతున్నాం, దేని ఉప్పు దానిదే.

ఇక పోపు. పప్పంతటికీ ఒకేసారి కాదు, ఏ వాటాకి పెడితే దానికే. కోస్తా వాళ్ళు తాలింపు అంటారు, మా అనంతపురం రూమ్మేట్ తిరగమాత అనేవాడు. పేరేదైనా, చవక వంటకి రుచి వచ్చేది ఇక్కడే, అందుకే కాసేపు ఇక్కడ ఆగుదాం. ఆవాలు, జీలకర్ర, మిరపకాయ వాసనలు నీళ్ళలో కన్నా నూనెలో బాగా దిగుతాయి. అదే జీలకర్ర పప్పుతోపాటు కుక్కర్లో పడేస్తే ఉందో లేదో తెలియదు, రెండు చెంచాల నూనెలో వేయిస్తే గది బయటిదాకా వాసన వస్తుంది. ఖర్చు అంతే, తేడా మాత్రం ఇంత.

పోపు గరిట ఇండక్షన్ మీద పెడితే స్టవ్వు గుర్తుపట్టదు, కీకీమని మొరాయిస్తుంది. అడుగు వెడల్పుగా ఉన్న చిన్న బాణలి పెట్టండి. రెండు టీ స్పూన్ల నూనె పోసి బాణలిని ఒక పక్కకి వంచితే నూనె మడుగు కడుతుంది, గింజలు అందులో మునగాలి. ఒక్క ఆవగింజ వేయండి. అడుగున ఊరికే పడుకుంటే నూనె ఇంకా కాగలేదు. చిట్లి పైకి ఎగిరితే మిగతా అర చెంచా ఆవాలు వేసి మూత అడ్డం పెట్టండి. చిటపటలు జోరందుకుని మళ్ళీ నెమ్మదిస్తాయి. అప్పుడు సెగ పూర్తిగా తగ్గించండి. చిట్లని ఆవాలు చేదు, అందుకని తొందరపడొద్దు.

ఇక్కణ్ణుంచి అంతా అర నిమిషంలో అయిపోవాలి, అన్నీ ఒక ప్లేటులో ముందే సర్దుకుని ఉండాలి. జీలకర్ర వేయండి, రంగు తిరుగుతుంది. పొట్టుతోనే చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయండి, అంచులు ఎర్రబడాలి. రెండు ఎండుమిరపకాయలు తుంచి వేయండి, నల్లబడకూడదు. మిర్చి మాడితే ఆ ఘాటుకి గదిలో ముగ్గురూ దగ్గుకుంటూ మెట్ల మీదికి పరుగెత్తాలి, మేం పరుగెత్తాం. చివర కరివేపాకు. కడిగి తుడిచింది అయి ఉండాలి, తడి ఆకు నూనెలో పడితే మొహం మీదికి చిందుతుంది. స్టవ్ కట్టేసి చిటికెడు ఇంగువ వేసి, ఆ వేడి మీదే పప్పులోకి వంచేసి, వెంటనే మూత పెట్టండి. చుయ్‌మన్న చప్పుడు రాకపోతే పోపు చల్లారిపోయిందన్నమాట. మాడిపోతే మాత్రం పప్పులో కలపకండి. రెండు చెంచాల నూనె పోతే పోయింది, పప్పంతా చేదవుతుంది.

మూడు పూటలూ ఎలా గడవాలో చూద్దాం.

పొద్దున పదికి లైబ్రరీలో సీటు పట్టుకోవాలి కాబట్టి మొదటి వాటా ముద్దపప్పు. ఉప్పు కలిపి, వేడన్నం, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ, ఉంటే చెంచా నెయ్యి. దీనికి పోపు కూడా అక్కర్లేదు. మా వరంగల్ రూమ్మేట్‌కి మాత్రం ముద్దపప్పు అంటే పక్కన పచ్చిపులుసు ఉండాల్సిందే, నాకు ఆ అలవాటు వాడి నుంచే అంటుకుంది. ఉసిరికాయంత చింతపండు నానబెట్టి గ్లాసున్నర నీళ్ళలో పులుసు పిండండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి చేత్తో నలపండి. చిటికెడు చక్కెర, కొత్తిమీర, పైన పోపు. పొయ్యి మీద పెట్టేది పోపు ఒక్కటే. ఎండాకాలం రేకుల గదిలో ఇంతకన్నా మంచి కూర నాకు తెలియదు.

మధ్యాహ్నం రెండో వాటా. బాణలిలో పోపు పెట్టి అందులోనే పచ్చిమిర్చి, టమాటా ముక్కలు మగ్గించి, పప్పు వేసి, ఉప్పు కలిపి అయిదు నిమిషాలు ఉడికిస్తే టమాటా పప్పు. టమాటాని మాత్రం నమ్ముకోకండి. రేటు లేక రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులున్నాయి, 2023 జూలైలో కిలో వంద దాటిన రోజులూ ఉన్నాయి. ధర ఎక్కువుంటే ఆకుకూర తెచ్చుకోండి. చుక్కకూర, గోంగూర అయితే పులుపు వాటిలోనే ఉంది, చింతపండు ఖర్చు కూడా తగ్గుతుంది. తోటకూర, పాలకూరకి కాస్త చింతపండు గుజ్జు కావాలి. దగ్గర్లో రైతుబజారు ఉంటే అక్కడికే వెళ్ళండి. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ వైపు ఉండేవాళ్ళకి అందుబాటులోనే ఉంది. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ ధరల బోర్డు పెట్టడం అక్కడి పద్ధతి, ఆ బోర్డు ఫోటో తీసుకుంటే సందు చివర బండి దగ్గర బేరానికి పనికొస్తుంది. చీకటి పడే వేళకి వెళ్తే కట్టలు ఇంకా తగ్గించి ఇస్తారు, ఆకు కాస్త వాడి ఉంటుందంతే.

రాత్రికి మిగిలింది పప్పుచారు. గిన్నె అడుగున మిగిలిన పప్పులో రెండు గ్లాసుల నీళ్ళు, ఉసిరికాయంత చింతపండు రసం, ఉల్లిపాయ పెద్ద ముక్కలు, ఉంటే ఒక మునక్కాయ, ఉప్పు, అర చెంచా కారం వేసి బాగా తెర్లనివ్వండి. దీని పోపులో మాత్రం ఆవాల తర్వాత అయిదారు మెంతులు వేయండి. గింజలు లెక్కపెట్టే వేయండి, ఎక్కువైతే చేదు. తెర్లుతున్న చారులో పోపు పడగానే దించేయడమే.

ఫ్రిజ్ లేని గది కదా, అది గుర్తుంచుకోండి. మధ్యాహ్నం మీ వాటా తీసుకున్నాక రాత్రికి ఉంచిన పప్పుని ఒకసారి బుడగలు వచ్చేలా మరిగించి మూత పెట్టండి. తిన్న చేత్తో, ఎంగిలి గరిటెతో ముట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున వండింది రాత్రి దాటించకండి. మూత తీయగానే పుల్లటి వాసన వచ్చినా, పైన తీగలా సాగినా బయట పడేయండి, రుచి చూసి తేల్చుకుందాం అనొద్దు.

లెక్క మీరే కట్టుకోండి. కందిపప్పు కిలో 140 అనుకుంటే మీ గ్లాసు 14 రూపాయలు. నూనె, పోపు, చింతపండు, ఉల్లి, టమాటా కలిపి ఇంకో పదిహేనో ఇరవయ్యో. మీ సందులో కర్రీ పాయింట్‌లో ఒక్క పూట పప్పు ఎంతో పక్కన రాసుకోండి. పైగా 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంది, కవర్లో వచ్చే పల్చటి పప్పులో గింజ ఎంతో, నీళ్ళెంతో ఎవరికి తెలుసు.

ఈ వారం హోంవర్క్: మూడు రోజులు పోపు పెట్టండి, మూడుసార్లూ ఏది ముందు నల్లబడిందో నోటుబుక్కులో రాయండి. నాకు ప్రతిసారీ వెల్లుల్లి. సెగ తగ్గించకుండానే వేస్తున్నానని మూడో వారానికి గానీ అర్థం కాలేదు. వచ్చే పాఠం కోడిగుడ్డు పులుసు, అరడజను గుడ్లు తెచ్చి పెట్టుకోండి. పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పి పారేయకండి. మొదట్లో నానబెట్టమన్న మాడిన గిన్నె ఉంది కదా, ఆ పిప్పిలో కాస్త ఉప్పు కలిపి దాని అడుగు రుద్దండి.