ర్యాంకులు వేసే ముందు చూసుకోవాల్సినవి

రకరకాల ప్రమాణాలు పెట్టుకుని ప్రత్యామ్నాయాలకు ర్యాంకులు ఇవ్వబోతున్నారా? స్ప్రెడ్‌షీట్ తెరవకముందే ఇవి చూసుకోండి.

– కనీస షరతులు తీరనివాటిని ముందే తీసేయండి. బడ్జెట్ దాటినది ఎంత బాగున్నా పట్టికలో అనవసరం.

– ఒకే సంగతి రెండు పేర్లతో దూరిందేమో చూడండి. మైలేజీ, ఇంధన ఖర్చు రెండూ పెడితే దాన్ని రెండుసార్లు లెక్కించినట్టే.

– ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా? ప్రతి ప్రమాణం పక్కన రాసుకోండి. ధర దగ్గర ఇది తిరగబడితే ఖరీదైనదే పైకొస్తుంది.

– వెయిట్లు (ఏ ప్రమాణానికి ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెలు) ముందే ఖరారు చేయండి. మార్కులు చూశాక వేస్తే, నిజం చెప్పాలంటే, నచ్చినదాన్ని గెలిపించుకోవడమే అవుతుంది. ప్రమాణాలను రెండేసి చొప్పున పోల్చి వెయిట్లు రాబట్టే ఏహెచ్‌పీ పద్ధతిలో ఈ జంట పోలికలు త్వరగా పెరిగిపోతాయి: 5 ప్రమాణాలకు 10, 10 ప్రమాణాలకు 45. అన్నింటికీ ఓపిగ్గా జవాబిచ్చేవాళ్లు అరుదు. ఆ పద్ధతిని రూపొందించిన థామస్ సాటీ చెప్పిన కన్సిస్టెన్సీ రేషియో (జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగడం లేదో చూపే అంకె) 0.10 దాటితే పోలికలు మళ్లీ అడగాలి. అంకె తగ్గడం కోసం జవాబులు మీరే సర్దేయకండి.

– టాప్సిస్‌లోనూ (ఆదర్శానికి ఎంత దగ్గరో, అతి చెత్తదానికి ఎంత దూరమో చూసి ర్యాంకులిచ్చే పద్ధతి), ఏహెచ్‌పీలోనూ కొత్త ప్రత్యామ్నాయం చేరితే పాతవాటి వరుస కూడా మారవచ్చు. అందుకే జాబితా ముందే ఖాయం చేసుకోవాలి.

– వెయిట్లతో గుణించి కూడే పద్ధతిలో ఒకచోటి లోటును మరోచోటి మిగులు కప్పేస్తుంది. భద్రత విషయంలో అది కుదరదనుకుంటే కనీస హద్దు పెట్టండి, లేదా ప్రత్యామ్నాయాలను జంటలుగా పోలుస్తూ, పెద్ద లోటును అలా కప్పనివ్వని ఎలెక్ట్రె పద్ధతులు చూడండి.

– వెయిట్లను ఎంతవరకు అటూఇటూ జరిపి పరీక్షిస్తారో ఇప్పుడే రాసుకోండి. చిన్న మార్పుకే మొదటి స్థానం మారితే, ఆ రెండింటి మధ్య తేడా తేల్చలేమని నివేదికలో చెప్పాలి.