ఔరో ప్రెటో బంగారు చర్చిలను ఎలా చూడాలి?

ఆఫీసు పని మీదో, పిల్లల దగ్గరికో బ్రెజిల్ వచ్చే మనవాళ్లు రియో చూశాక మీనస్ జెరైస్ రాష్ట్రంలోని ఔరో ప్రెటోకి ఒక రోజు పెట్టుకుంటారు. బస్సు దిగి చౌక్‌లో ఫోటోలు, ఎదురుగా కనిపించిన మొదటి చర్చి, ఆ వేగంతోనే ఇంకో నాలుగు. సాయంత్రానికి "అన్నీ ఒకేలా ఉన్నాయండీ" అంటారు. నాతో వచ్చినవాళ్లలో ఎంతమంది నోట విన్నానో ఈ మాట. అవి ఒకేలా లేవు. చూసిన వరుస తప్పు, నిలబడిన చోటు తప్పు. ఆ రెండూ సరిచేసుకోవడం ఎలాగో చెబుతాను.

ముందు ఏర్పాట్లు

సోమవారం వెళ్లొద్దు. చర్చిలు, మ్యూజియాలు చాలావరకు మూసే ఉంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వానలు, కాబట్టి గొడుగు పెట్టుకోండి. అడుగు గట్టిగా పట్టుండే బూట్లు వేసుకోండి. ఊరంతా ఎత్తుపల్లాలే, పరిచిన రాళ్లు అరిగి నున్నబడ్డాయి, చెప్పులతో ఆ వాలు దిగడం ప్రమాదం. ఒక చిన్న బైనాక్యులర్ తప్పనిసరి. చాలా చర్చిల్లో లోపల ఫోటోలు తీయనివ్వరు, అది మంచికే, కళ్లతో చూస్తారు. టికెట్లకు చిల్లర ఉంచుకోండి. శాకాహారులు రాజ్మా లాంటి గింజల కూర అడిగేటప్పుడు పంది మాంసం ముక్కలు లేకుండా ఇమ్మని ముందే చెప్పాలి. అడక్కపోతే కలిపే తెస్తారు.

రాష్ట్ర రాజధాని బెలో హొరిజోంచి నుంచి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. ఔరో ప్రెటో, మరియానా, కొంగోన్యాస్ మూడు ఊళ్లూ ఒకే రోజులో చూపిస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి.

నడక మొదలుపెట్టే ముందు తెలియాల్సింది

1690ల చివర్లో ఇక్కడి వాగుల్లో నల్లటి పొర కప్పిన బంగారు రేణువులు దొరికాయి. ఊరి పేరు (ఔరో ప్రెటో అంటే నల్ల బంగారం) దాన్నించే. దొరికిన చోటల్లా ఒక గుడిసెల గుంపు లేచింది, ఒక్కో గుంపుకి ఒక్కో ప్రార్థనా మందిరం. 1711లో పోర్చుగల్ ప్రభుత్వం వాటన్నిటినీ కలిపి విలా రికా అనే పట్టణంగా ప్రకటించింది. అందుకే ఈ ఊరు ప్లాను గీసి కట్టినట్టు ఉండదు. పడమట పిలార్ పేట, తూర్పున ఆంతోనియో దియాస్ పేట, మధ్యలో గుట్ట మీద తిరదెంతిస్ చౌక్. రెండు పేటలకూ పోటీ. చర్చిలు ఇన్ని ఉండడానికి ఆ పోటీ ఒక కారణం.

ఇంకో కారణం చాలామంది గైడ్లు చెప్పరు. గోవా చూసినవాళ్లు పాత గోవాలోని బంగారు పూత బలిపీఠాలు గుర్తు చేసుకోండి. అక్కడివి ఎక్కువగా జెసూట్లు, ఫ్రాన్సిస్కన్లు వంటి మఠాలవారు కట్టించినవి. మీనస్‌లో ఆ మఠాలవారిని రాజు రానివ్వలేదు. సన్యాసులు బంగారం దొంగచాటుగా తరలిస్తున్నారన్న అనుమానం. దాంతో చర్చిలు కట్టే పని మామూలు గృహస్థుల సోదర సంఘాల మీద పడింది. ధనవంతులైన తెల్లవారికి ఒకటి రెండు సంఘాలు, మిశ్రమ జాతివారికి వేరే, నల్లజాతి బానిసలకూ విముక్తులకూ వేరే. ఎవరి చర్చి వారిది, ఎవరి శ్మశానం వారిది. చర్చి గుమ్మంలో నిలబడగానే "ఇది ఎవరి సంఘం కట్టింది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ముప్పాతిక వంతు చర్చి అర్థమైనట్టే.

మొదట గని, తర్వాతే చర్చి

ఇది నా నియమం, మార్చను. పొద్దున్నే ఆంతోనియో దియాస్ పేటలోని షికో రెయ్ గనికి వెళ్లండి. అక్కడ్నించి చర్చిల కోసం పడమటికి నడవాలంటే చౌక్ గుట్ట మళ్లీ ఎక్కాలి. ఎక్కండి. గనిలో సొరంగం వంగి నడవాల్సినంత ఇరుకు. గోడల మీద పనిముట్ల గాట్లు చేత్తో తడిమితే తెలుస్తాయి. ఈ పని చేసినవాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. పశ్చిమాఫ్రికాలోని మీనా తీరం నుంచి వచ్చినవాళ్లకు బంగారం తీయడం, కడగడం ముందే తెలుసు కాబట్టి వాళ్లకు ఎక్కువ ధర పలికేది. కండలకే కాదు, ఆ విద్యకూ ధర కట్టారు. కోలార్ గనుల లోతు ఊహించుకుని వచ్చేవాళ్లకు ఇవి చిన్నవిగా అనిపిస్తాయి. మరియానా దారిలో ఉన్న పసాజెమ్ గనిలో ట్రాలీ ఎక్కి దిగొచ్చు, సరదాగా ఉంటుంది, కానీ అది 19వ శతాబ్దపు కంపెనీ గని. చర్చిల బంగారం సంగతి తెలియాలంటే ఈ ఇరుకు సొరంగాలే చూడాలి.

అసలు కష్టమంతా ఇక్కడే: ఏ చర్చి ముందు, లోపల ఎలా చూడాలి

పిలార్, రొజారియో, సావో ఫ్రాన్సిస్కో. ఈ వరుసే. తలకిందులు చేస్తే పాడవుతుంది. అందరూ తలకిందులే చేస్తారు, ఎందుకంటే సావో ఫ్రాన్సిస్కో చౌక్‌కి రెండడుగుల్లో ఉంది, పేరున్నది కూడా అదే. దాన్ని ముందు చూసి పిలార్‌కి వెళితే కళ్లు జిగేలుమని అంతకుముందు చూసిన సున్నితమైన పనంతా మరిచిపోతారు. పిలార్ నుంచి మొదలుపెడితే 18వ శతాబ్దం ఎలా కదిలిందో అదే వరుసలో మీ కళ్లముందు కదులుతుంది.

పిలార్‌లో గుమ్మం దాటగానే ఆగండి. ముందుకి పోవద్దు. గైడు వెంటనే "400 కిలోల బంగారం" అంటాడు. ఆ అంకె పట్టుకుని తిరగొద్దు. మీరు చూస్తున్నది బంగారపు దిమ్మ కాదు. దేవదారు కొయ్య మీద తెల్లటి సుద్ద పూతలు, దాని మీద ఎర్రటి మెత్తని బంకమట్టి, దాని మీద ఊపిరికి ఎగిరిపోయేంత పలుచని రేకు, ఆపైన నున్నటి రాయితో రుద్దిన మెరుపు. బైనాక్యులర్ తీసి స్తంభాల అంచులు, దేవదూతల మోకాళ్లు చూడండి. అరిగిన చోట ఎరుపు తొంగి చూస్తుంది. అది తుప్పు కాదు, కింద మట్టి పొర. ఆ ఎరుపు వల్లే బంగారం వెచ్చగా కనిపిస్తుంది.

ఇప్పుడు హాలు ఆకారం చూడండి. బయట గోడలు మామూలు దీర్ఘచతురస్రం. లోపల కొయ్యతో పది పక్కల గదిగా మార్చారు. నాటకశాలలో కూర్చున్నట్టు ఉంటుంది, అది కావాలనే చేసింది. 1733లో పవిత్ర ప్రసాదాన్ని రొజారియో మందిరం నుంచి ఇక్కడికి తరలించిన ఊరేగింపు ఆ కాలపు బ్రెజిల్‌లోనే పేరుమోసింది. మనుషులు, గుర్రాలు, పట్టుబట్టలు, సంగీతంతో ఊరంతా వీధుల్లోకి వచ్చిన ఆ సంబరానికీ ఈ చర్చికీ తేడా లేదు. ఊరేగింపు ఆగిపోయి కొయ్యలో నిలబడిపోయిందనుకోండి. ప్రధాన బలిపీఠం చెక్కింది పోర్చుగల్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో షవియర్ ద బ్రితో. పైన గొడుగులాంటి పందిరి, తెరలు, నిండు మనుషుల్లా దేవదూతలు ఉన్నాయా? ఉంటే అది 1730 నుంచి 1760 వరకూ నడిచిన శైలి. అంతకన్నా పాతదైతే పందిరి ఉండదు. మెలితిరిగిన స్తంభాలు, వాటికి ద్రాక్ష తీగలు, పక్షులు, పైన ఒకదాని లోపల ఒకటిగా కమానులు కనిపిస్తాయి. కాళ్లలో ఓపికుంటే ఊరి తూర్పు చివర పాద్రె ఫారియా చిన్న మందిరం కూడా చూడొచ్చు.

అక్కడ్నించి రొజారియోకి నడవండి. నల్లజాతివారి సోదర సంఘం కట్టుకున్న చర్చి ఇది. బయట గోడలు గుండ్రంగా తిరుగుతాయి, ముఖద్వారం విల్లులా ముందుకు ఉబ్బి ఉంటుంది. బ్రెజిల్‌లో ఇలా సాహసంగా కట్టిన చర్చిలు చాలా తక్కువ. లోపలికి వెళితే బంగారం లేదు, పెయింటు వేసిన సాదా పీఠాలు. పీఠాల మీద నల్లజాతి సాధువులు: ఎఫిజేనియా, ఎలెస్బావో, బెనెదితో. ఇక్కడ చాలామంది రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు, "ఏమీ లేదు" అని. పొద్దున గనిలో చూసిన గాట్లు ఎవరివో తెలిసి ఇక్కడికి వచ్చినవాళ్లు అలా అనలేరు. బంగారం తవ్వినవాళ్ల చర్చిలో బంగారం లేదు, కానీ రాతికి ఆ వంపు తేవడానికి కావలసిన ధైర్యం ఉంది. కనీసం అరగంట కూర్చోండి.

సావో ఫ్రాన్సిస్కో ద అస్సిస్‌కి భోజనం తర్వాత వెళ్లండి. కొన్ని చర్చిలు మధ్యాహ్నం కాసేపు మూస్తారు, టైము కనుక్కోండి. లోపలికి పరిగెత్తొద్దు. ముందు బయట, చర్చి ఎదుటి ఖాళీ స్థలంలో బాగా వెనక్కి జరిగి నిలబడండి. ఈ చర్చి పని 1766లో మొదలైంది. నమూనా అలెజాదిన్యోది, అంటే ఆంతోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా. తండ్రి పోర్చుగీసు మేస్త్రీ, తల్లి ఆఫ్రికన్ బానిస. మధ్యవయసులో వచ్చిన జబ్బుతో వేళ్లు పాడైతే ఉలి చేతికి కట్టించుకుని చెక్కేవాడని ఊళ్లో చెప్పుకుంటారు. 1814లో చనిపోయాడు, సమాధి ఆంతోనియో దియాస్ పేట చర్చిలోనే ఉంది. చూడాల్సినవి రెండు. గోపురాలు చదరంగా కాక గుండ్రంగా, కొంచెం వెనక్కి లాగి ఉన్నాయి. గుమ్మం పైన మామూలుగా గుండ్రటి కిటికీ ఉండాల్సిన చోట బలపం రాతిలో ఒక దృశ్యం చెక్కాడు. సెయింట్ ఫ్రాన్సిస్ మోకాళ్ల మీద ఉండి క్రీస్తు గాయాలు అందుకుంటున్నాడు. కిటికీని మూసి శిల్పం పెట్టడం ఆ రోజుల్లో చిన్న మార్పు కాదు.

లోపలికి వెళ్లి గాయకుల బాల్కనీ కింద, గుమ్మానికి దగ్గరగా నిలబడండి. అక్కడ్నించి పైకప్పు చూడండి. చిత్రకారుడు మనూయెల్ ద కోస్తా అతాయిదె 1801 నుంచి 1812 వరకూ చేసిన పని. గోడలు ఎక్కడ ఆగాయో, రంగుతో వేసిన స్తంభాలు ఎక్కడ మొదలయ్యాయో పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఇక్కడే తప్పు చేస్తారు. నేరుగా మధ్యలోకి వెళ్లి మెడ వెనక్కి వంచి చూస్తారు, రెండు నిమిషాల్లో మెడ నొప్పి, దిగులుగా కిందికి దిగిన చూపు. అలా కాదు. గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టి, పది అడుగులు వేసి ఆగి, మళ్లీ చూసి, మళ్లీ నడవండి. రంగు స్తంభాలు మీతో పాటు లేచి నిలబడడం తెలుస్తుంది. మధ్యలో మేరీమాత, చుట్టూ వాయిద్యాలు పట్టుకున్న దేవదూతలు. బైనాక్యులర్ ఇప్పుడు మళ్లీ తీయండి. ఆమె ముఖం, పెదవులు, చర్మం రంగు యూరప్ బొమ్మలవి కావు, ఈ ఊరి మిశ్రమ జాతి ఆడవాళ్లవి. ఆ కాలంలో పైకప్పుకి ఇలాంటి ముఖం ఎక్కించడం ఎంత పెద్ద విషయమో, రొజారియో చూసి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇక్కడ గోడలు, పీఠాలు ఎక్కువగా తెల్లనివి, బంగారం అంచుల్లోనే. "బంగారం అయిపోయింది కాబట్టి తెల్లగా వేశారు" అని గైడ్లు టకామని చెప్పేస్తారు. నమ్మొద్దు, సగమే నిజం. ఆ సమయానికి గనుల దిగుబడి తగ్గింది. కానీ యూరప్ నుంచి రొకోకో శైలి నమూనా బొమ్మల ముద్రలు కూడా అప్పుడే వచ్చాయి. శంఖాల్లాంటి వంపులు, తేలిక రంగులు, గాలి ఆడే ఖాళీలు వాటిలోవే. అభిరుచి మారింది. అన్నిటినీ "బరోక్" (రొకోకోకి ముందునాటి భారీ అలంకార శైలి) అని ఒకే గాటన కట్టడం వల్లే ఈ మార్పు కనపడదు. బయటికి వచ్చే ముందు బలిపీఠం గదిలో పక్క గోడలు చూడండి. నీలి తెలుపు పింగాణీ పలకల్లా కనిపిస్తాయి. అవి పలకలు కావు, కొయ్య మీద అతాయిదె వేసిన బొమ్మలు, అబ్రహాము జీవితకథ. నిజం పలకలు కావాలంటే పక్క గుట్ట మీద కార్మో చర్చిలో ఉన్నాయి.

చౌక్, లెక్కల ఇల్లు

చౌక్‌కి ఒక గంట చాలు. పోర్చుగల్ పాలన మీద 1789లో జరిగిన కుట్రలో పాల్గొన్నందుకు 1792లో రియోలో ఉరితీసిన తిరదెంతిస్ తలను తెచ్చి ఇక్కడే కొయ్య మీద పెట్టారు. అప్పట్లో బంగారం దిగుబడిలో ఐదో వంతు రాజుకి కట్టాలి. గనులు ఎండుతున్నా ఏటా 100 అరోబాలు, అంటే దాదాపు 1,500 కిలోలు చేరాల్సిందే అన్న పట్టుదలే ఆ కుట్రకి నిప్పు రాజేసింది. పాత జైలులో ఆ తిరుగుబాటు మ్యూజియం ఉంది. దిగువన కాసా దోస్ కొంతోస్, అంటే లెక్కల ఇల్లు, తప్పక చూడండి. పైన డాబు గదులు, కింద బానిసలను ఉంచిన రాతి గది. ముందు కిందికే వెళ్లండి.

చివరగా బలపం రాయి

సావో ఫ్రాన్సిస్కో ఎదుట లార్గో ద కొయింబ్రాలో రోజూ రాతి సామాను సంత ఉంటుంది. అలెజాదిన్యో గుమ్మం చెక్కింది ఇదే రాతిలో, మన రాచిప్పలూ ఇదే రాయి. బొమ్మలు కొనొద్దు, వంట కుండ కొనండి. రాగి పట్టీ, చేతిపిడులు ఉన్నవి బాగుంటాయి. వేలితో కొట్టి చూడండి, పగులు ఉంటే మోత బోలుగా వస్తుంది. ఇంటికి తెచ్చాక లోపలా బయటా నూనె పట్టించి ఒక రోజు ఉంచి, నిండా నీళ్లు పోసి సన్న సెగ మీద కాచి, పొయ్యి మీదే చల్లారనివ్వండి. మన ఇళ్లలో చేసినట్టు గంజితో ఇంకోసారి కాస్తే ఇంకా మంచిది. తర్వాత పప్పుచారు పెట్టుకోవచ్చు. వేడి కుండలో చన్నీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది.