మంచినీటి చేపల పెంపకం – నాలుగో పాఠం: తెల్లవారుజామున తేలే చేపలు

చెరువు ఆకుపచ్చ రంగుకు తిరిగేదాకా పేడ వేయమని పోయిన పాఠంలో రాశాను గానీ, ఎంత పచ్చగా అన్నది రాయలేదు. ఆ మాట నమ్మి పేడ వేసిన చంద్రగిరి, ఏర్పేడు వైపు రైతులు కొందరు, కార్తీకమాసపు ముసురు పట్టగానే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయని చెప్పారు. తప్పు నాదే. మేత లెక్కలకు అనుకున్న ఈ పాఠంలో సగానికి పైగా ఆ చేపలకే పోతుంది.

మధ్యాహ్నం ఎండలో చేతిని నిలువుగా నీటిలోకి దించండి. మోచేయి మునిగే వేళకు అరచేయి మరుగైతే పచ్చదనం సరిపోయినట్లు. అంతకు చాలా ముందే కనిపించకపోతే పేడ ఆపాలి. వాన తరువాత ఎర్రమట్టి కలిసిన నీటిలో ఈ పరీక్ష పనికిరాదు.

ఆ పచ్చదనమంతా కంటికి విడిగా కనిపించని నాచు. పగలు ఎండలో అది ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రి చేపలతో పాటు తానూ పీలుస్తుంది కనుక, పొద్దు పొడిచే ముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేప బాగా తిని పెరుగుతుంది. 3కు దిగువన మేత మీద ఆసక్తి పోతుంది. ముసురు రోజున పగటి రాబడి తగ్గుతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు.

నాకు విసుగు తెప్పించేది, ఇలా తేలిన చేపలను చూసి ఆకలి అనుకోవడం. పుత్తూరు దగ్గర ఒక రైతు నా కళ్ళ ముందే రెండు చేటల తవుడు చల్లాడు. తవుడు మీగడలా తేలింది. బొచ్చె చేపలు దాని మధ్యనే నోరు తెరిచి మూస్తూ, ఒక్క పలుకు మింగకుండా సాగిపోయాయి. ఆ తవుడు అడుగుకు చేరి కుళ్ళి, మిగిలిన కాస్త ప్రాణవాయువునూ తినేస్తుంది. ఆకలిగొన్న చేప మేత వేళకు, మేత వేసే చోటికి వస్తుంది, గట్టు మీద అడుగుల చప్పుడుకు చటుక్కున మునుగుతుంది. ఊపిరాడని చేప చెరువంతటా తేలుతుంది, బెదిరి మునిగినా వెంటనే పైకి వస్తుంది. అడుగున తిరిగే ఎర్రమోసు చేప కూడా తేలిందంటే ఆలస్యానికి తావు లేదు.

అప్పుడు బోరు మోటారు ఆన్ చేసి చెరువులోకి నీరు వదలండి. అయితే భూగర్భజలంలోనూ ప్రాణవాయువు తక్కువే కనుక, పైపును చెరువులో ముంచి వదలకుండా, గట్టున బండ పెట్టి నీరు దానిపై పడి చెదిరేలా చూడండి. ఏరియేటర్ (నీటిని చిలికి గాలి కలిపే యంత్రం) ఉన్నవారికి ఈ తంటా లేదు.

ఇక మేత. మేత నింపిన రంధ్రాల సంచులను చెరువులో కర్రలకు కట్టడం మీకు తెలిసిందే. ఎకరాలో 2,000 చేపలుండి, మచ్చుకు పట్టినవాటి సగటు బరువు 250 గ్రాములైతే మొత్తం 500 కిలోలు. ఆ బరువులో 2 శాతం చొప్పున మేత రోజుకు 10 కిలోలు. ముసురు రోజున అందులో సగం, చేపలు తేలిన రోజున సున్న. తవుడులో కలపడానికి పత్తి చెక్క వాడేవారూ ఉన్నారు. నేను మాత్రం మన దగ్గర పండే వేరుసెనగ చెక్కనే రాత్రి నానబెట్టి వాడతాను.

అభ్యాసం: వరుసగా పది రోజులు తెల్లవారుజామున 4.30కు గట్టు చుట్టూ తిరిగి ఏ చేప ఎక్కడ తేలిందో, మధ్యాహ్నం అరచేయి ఎంత లోతున మరుగైందో నోటుబుక్కులో రాయండి. ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మచ్చు వల పాఠానికి ఆ పుస్తకం కావాలి.