వెన్నుపాము, నరాల మూలాలు దెబ్బతిన్నవారికి యూడీఐడీ కార్డు: దరఖాస్తు విధానం, స్పర్శ పరీక్ష

వెన్నుపాముకు గాయమైనా, వెన్నుపూసల మధ్య నుంచి బయటికి వచ్చే నరాల మూలాలు నలిగినా ఏర్పడే శాశ్వత లోపాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద చలన వైకల్యంగా నమోదు చేయించుకొని, యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ఇచ్చే విశిష్ట గుర్తింపు కార్డు) పొందవచ్చు. కాళ్లలో బలం తగ్గిన సంగతి నడక చూడగానే తెలుస్తుంది. స్పర్శ పోయిన సంగతి మాత్రం పైకి కనిపించదు. ఎంఆర్‌ఐ వెన్నుపాము ఎక్కడ నలిగిందో చూపుతుంది గానీ, పాదంలో ఏ భాగానికి వేడి తెలియడం లేదో చెప్పదు. అందువల్ల ఈ దరఖాస్తులో కాగితాలు ఎంత ముఖ్యమో, పరీక్ష రోజున దరఖాస్తుదారు డాక్టరుకు ఇచ్చే సమాధానాలూ అంతే ముఖ్యం.

దరఖాస్తును కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో నింపాలి. సొంతంగా నింపుకోలేనివారు తెలంగాణలో మీసేవ కేంద్రాన్ని, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ లేదా వార్డు సచివాలయాన్ని సంప్రదించవచ్చు. అక్కడ సదరం స్లాట్ (వైకల్య నిర్ధారణ పరీక్షకు ఇచ్చే తేదీ) అని అడిగినా విషయం అర్థమవుతుంది. ఆధార్, ఇటీవలి ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, చిరునామా రుజువు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆధార్‌లో పేరు ఒకలా, ఆసుపత్రి కాగితాల్లో మరోలా ఉంటే ముందే సరిచేయించుకోవడం మేలు, ఎందుకంటే ఫైలు ఆగిపోయేది తరచుగా ఇలాంటి చిన్న తేడాల దగ్గరే. దరఖాస్తు పంపాక వచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరును భద్రపరచుకోవాలి.

పరీక్షకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్‌ఐ ఫిల్ములు, రిపోర్టు, ఆపరేషన్ జరిగి ఉంటే ఆ వివరాలు, నరాల పరీక్షల నివేదికలు ఒరిజినల్స్‌తో సహా తీసుకువెళ్లాలి. స్పర్శ లేకపోవడం వల్ల కాలిన గాయాలు, పడక పుండ్లు ఏర్పడి చికిత్స జరిగి ఉంటే ఆ కాగితాలను వదిలేయవద్దు. స్పర్శ లోపం రోజువారీ బతుకును ఎలా దెబ్బతీస్తోందో వాటికి మించి చెప్పే రికార్డు ఉండదు.

పరీక్షలో డాక్టరు ఏం వెతుకుతారో ముందే తెలిస్తే సరిగా సమాధానం చెప్పగలుగుతారు. శరీరం మీద చర్మం పట్టీలు పట్టీలుగా విభజితమై ఉంటుంది. ఒక్కో పట్టీ స్పర్శను ప్రధానంగా ఒక్కో నరాల మూలం మోసుకువెళ్తుంది. చేతి బొటనవేలు మెడలోని ఆరో మూలానికి, చేతి చిటికెన వేలు మెడలోని ఎనిమిదో మూలానికి, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం ఛాతీ భాగంలోని పదో మూలానికి, మడమ వెలుపలి అంచు త్రికం (వెన్నెముక అడుగున ఉండే ఎముక) దగ్గరి మొదటి మూలానికి చెందుతాయి. ఒక మూలం మాత్రమే నలిగితే సాధారణంగా ఆ పట్టీ వెంబడే తిమ్మిరి, మంట, జలదరింపు, కొన్నిసార్లు కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి వస్తాయి. వెన్నుపాము అడ్డంగా పూర్తిగా దెబ్బతింటే మాత్రం ఆ మట్టం నుంచి కిందికి రెండు వైపులా స్పర్శ పోతుంది. వెన్నుపాము ఒక పక్క సగం మాత్రమే దెబ్బతిన్నప్పుడు గాయమైన వైపు కీళ్ల స్థానం, కంపనం తెలియకుండా పోయి, నొప్పి, వేడి, చల్లదనం రెండో వైపున తెలియవు, ఎందుకంటే వాటిని మోసే తంతువులు వెన్నుపాములోకి వచ్చిన కాస్త పైనే అవతలి వైపుకు దాటిపోతాయి. "బలం తగ్గింది ఈ కాలికి, చురుకు తెలియనిది ఆ కాలికి" అని చెప్పడానికి కొందరు సందేహిస్తారు; అది పొరపాటు కాదు, అలాగే చెప్పాలి.

కళ్లు మూయించి, ముందుగా చెంప మీద దూదిపోగుతోనూ సూదిమొనతోనూ తాకి, ఆ అనుభూతిని కొలబద్దగా తీసుకొని ఒక్కో పట్టీని పరీక్షిస్తారు. అసలు తెలియకపోతే సున్నా, తేడాగా తెలిస్తే ఒకటి, మామూలుగా ఉంటే రెండు. ఏదో తాకినట్టుంది గానీ సూదిమొనో మొద్దు కొసో తెలియడం లేదంటే, సూది పరీక్షలో అది సున్నాయే. ఊహించి సమాధానం చెబితే నష్టపోయేది దరఖాస్తుదారే. మలద్వారం చుట్టూ స్పర్శను చూడటం కూడా ఈ పరీక్షలో భాగం, గాయం పూర్తిస్థాయిదో పాక్షికమో నిర్ణయించడంలో అది కీలకం. కాబట్టి ఆడవారు మహిళా సిబ్బంది సమక్షాన్ని నిస్సంకోచంగా కోరవచ్చు. మూత్ర, మల నియంత్రణ లోపం ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఒకవేళ కూర్చునే భాగంలో కొత్తగా మొద్దుబారడం మొదలై, మూత్రం ఆగిపోతే స్లాట్ తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వైకల్యం 40 శాతంలోపు ఉంటే తెల్ల కార్డు, 40 నుంచి 80లోపు అయితే పసుపు కార్డు, 80 ఆపైన అయితే నీలం కార్డు ఇస్తారు. పరిస్థితి మారే అవకాశం ఉందని డాక్టర్లు భావిస్తే సర్టిఫికెట్‌పై గడువు తేదీ వేస్తారు. గాయం కొత్తదైనప్పుడు ఇది సహజం, గడువు తీరకముందే తిరిగి పరీక్షకు దరఖాస్తు చేసుకోవాలి. ఇచ్చిన శాతంతో ఏకీభవించనివారికి చట్టంలోని 59వ సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారిని ఆశ్రయించే హక్కు ఉంది. ఆ దరఖాస్తుకు సర్టిఫికెట్ నకలుతో పాటు, ఏయే భాగాల్లో స్పర్శ లేదో పట్టీల వారీగా రాసిన నరాల వైద్యుడి నివేదికను జతచేయడం మంచిది.