పెద్దవాళ్లకు కొత్త మందు రాసే ముందు

• ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో సహా తెమ్మని, బల్ల మీద పరిచి చూడండి. ఒకే బీపీ మాత్ర రెండు కంపెనీల పేర్లతో కనబడటం మామూలే. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ (నొప్పి మాత్ర) సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి.

• కాళ్ల వాపుకి లేసిక్స్ (ఒంట్లో నీటిని మూత్రంగా పంపే మందు) రాయబోతున్నారా? ఆగండి. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడుతున్నారేమో చూడండి. వాపు దానివల్లే కావచ్చు.

• కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 ఉందని నిశ్చింతగా ఉండొద్దు. కండ కరిగిన ఒంట్లో కిడ్నీ దెబ్బతిన్నా అంకె బాగానే కనిపిస్తుంది. వయసు, బరువు వేసి కిడ్నీ పనితీరు లెక్కకట్టండి.

• బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 3 నిమిషాల్లోపు మరోసారి. పై అంకె 20 పడితే ముందు ఉన్న మందులే సరిచూడాలి.

• నిద్రమాత్ర అడిగితే, రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేస్తారో కనుక్కోండి. నిద్ర చెడేది దానివల్లే కావచ్చు.