పాప కుర్చీ కిర్రుమనడం ఎలా ఆగిందంటే

ఇంట్లో మిగిలిన టేకు ముక్కలతో మా పాపకి చిన్న కుర్చీ చేశా, రెండు వారాలు కూడా కాలేదు, వెనక కాలు కదలడం మొదలైంది, కూర్చుంటే చాలు కిర్రుమంటోంది. సరేలే అని సందులో ఇంకాస్త ఫెవికాల్ పిండి వదిలేశా, అదే తప్పు. చెక్క బంక చెక్కలోకి ఇంకితేనే పట్టు, ఎండిపోయిన పాత బంక మీద కొత్తది పోస్తే ఏం పట్టుద్ది.

ఈసారి కాలు మొత్తం ఊడదీశా. లోపల పాత బంక గోరు పెంకులా గట్టిగా ఉంది. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి పావుగంట ఉంచితే తెల్లగా ఉబ్బి మెత్తబడింది, పాత చాకుతో గీకి, రెండ్రోజులు ఆరనిచ్చి, 120 నంబర్ ఉప్పు కాగితం కొట్టా. టేకులో నూనె ఉంటది కాబట్టి అంటించే ముందు థిన్నర్ గుడ్డతో తుడవమని గవర్నర్‌పేటలో హార్డ్‌వేర్ షాపాయన చెప్పాడు (మొదటే చెప్పుంటే బాగుండేది, నేను అడిగితేగా).

రెండు వైపులా బంక పల్చగా రాసి, ముక్కల్ని నొక్కిపట్టే క్లాంపులు లేక పాత సైకిల్ ట్యూబు కోసి బిగించి చుట్టేశా. అంచుల్లోంచి బంక సన్నగా పూసల్లా బయటికొచ్చింది, తడి గుడ్డతో తుడిచా. కుర్చీ వంకర పోలేదని తెలియాలంటే, ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా కొలత టేపు పెట్టి రెండు కొలతలూ సమానమో కాదో అప్పుడే చూసుకోవాలి, ఆరాక ఏం చేయలేం. 24 గంటలు పాపని దాని దగ్గరికి రానివ్వకపోవడమే అన్నిటికంటే కష్టమైంది. తెల్లారి ముందు నేనే కూర్చున్నా, 70 కేజీలకి కూడా చప్పుడు లేదు.